గోలు వెనక నుంచి 'ఎడ'

దిష్టి తీసి పారేసిన నిమ్మకాయను కడుక్కొచ్చి మజ్జిగలో పిండుకున్న రకం నేను. దయ్యాలు, గాలి, ధూళి అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్లు మండుతుంది. ఇప్పుడు చెప్పబోయేది కూడా నమ్మి చెప్పడం లేదు, జరిగింది కాబట్టి చెబుతున్నాను. తలుచుకుంటే ఈ వయసులోనూ కడుపు రగులుతుంది.

మాది బళ్ళారికి దగ్గర్లోని పల్లె. ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడం. ఊళ్లో ఫుట్‌బాల్ పెట్టింది మా అన్న గాదిలింగప్ప. బళ్ళారి కంటోన్మెంటులో వంటింటి పనికి కుదిరి, అక్కడి సిపాయిలు ఆడుతుంటే చూసి నేర్చుకున్నాడు. పని మానేసి వచ్చేటప్పుడు కుట్లు ఊడిన తోలు బంతి ఒకటి తెచ్చాడు. ఊరి బయట జాలి తుమ్మ ముళ్లు మొలిచిన బీడు ఉండేది. ఈడు పిల్లల్ని పోగేసి ఆ ముళ్లు కొట్టించి, రాళ్లేరించి, గుంటక తోలి గ్రౌండు చేశాడు. గోలుకు రెండు కర్రలు పాతి పైన తాడు కట్టాడు. అదే మా క్లబ్బు. దానికి పేరు కూడా పెట్టలేదు. చుట్టుపక్కల వాళ్లు 'గాదిలింగన టీము' అనేవాళ్లు.

అన్న గోల్‌కీపరు. తన తర్వాత ఆ చోటు నాదేనని అందరి ముందూ అన్నాడు. నాకు నేర్పేటప్పుడు గోలు వెనక నిలబడి, తన్నేవాడి పాదం చూసి, నాకు మాత్రమే వినబడేట్టు 'ఎడ' అనేవాడు, లేకపోతే 'బల' అనేవాడు. కన్నడంలో ఎడమ, కుడి. ఆటలో ఆయన నోట కన్నడమే వచ్చేది. ఆ గుసగుస మా ఇద్దరిదే, టీములో ఇంకెవరికీ తెలియదు.

ఒకరోజు ఆ గ్రౌండులోనే అన్న కాల్లో ముల్లు విరిగింది. పీకి పారేసి ఆట ముగించాడు. కొన్నాళ్లకే ధనుర్వాతం వచ్చి బళ్ళారి ఆసుపత్రిలో పోయాడు.

తర్వాత డ్యాము కాలవ వచ్చింది. పిల్లకాలవ ఒకటి సరిగ్గా మా గోలు వెనక నుంచే తవ్వారు. అన్న నిలబడే చోటు నీళ్లలో కలిసిపోయింది. కాలవ వెంబడే కోస్తా నుంచి రైతులు వచ్చి పొలాలు కొని, క్యాంపులని కొత్త పల్లెలు కట్టుకున్నారు. ఆ క్యాంపు నుంచి దాపురించాడు సుబ్బారావు. తాటిచెట్టంత మనిషి. కన్నడం ముక్క రాదు. ఎక్కడ, ఇక్కడ అనడానికి మేం 'యాడ', 'ఈడ' అంటే చాలు, పడీపడీ నవ్వేవాడు.

నాలుగు రోజులు వాడి ఆట చూసి మా కెప్టెను ఎర్రిస్వామి నన్ను పక్కకు పిలిచాడు. "నువ్వు బ్యాకు ఆడప్పా. వాడు పొడుగుండాడు, గోల్లో వాడుండనీ."

"అది మా అన్న జాగా" అన్నాను.

"జాగా ఎవురిదైతే ఏందప్పా, బంతి ఎవురు పడతారో అది సూడు."

అక్కడితో ఆగినా బాగుండేది. వాడు చినిగిన బనీనుతో ఆడుతున్నాడని మా అమ్మ ట్రంకుపెట్టె తెరిచి అన్న ఆకుపచ్చ జెర్సీ తీసి వాడికిచ్చేసింది. "నీకు వదులైతాది లేరా. పెట్టిలో పెట్టుకోని ఏం జేస్తాం?" అంది. ఆ పూట నేను అన్నం ముట్టలేదు. కన్నతల్లి, నా కళ్లెదురుగా, మా అన్న జెర్సీ తీసి వాడికా!

కొన్నాళ్లకు పక్క ఊరి టీముతో మ్యాచి పడింది. మిట్టమధ్యాహ్నం. కిందటి రోజు కాలవ పొర్లడంతో గోలు వెనక గట్టంతా బురద. మేం ఒక గోలు ముందున్నాం. ఆట ముగియబోతుండగా మావాడొకడి చేతికి బంతి తగిలింది, వాళ్లకు పెనాల్టీ ఇచ్చారు. అన్న జెర్సీ వేసుకుని నిలబడ్డ సుబ్బారావు ఆపాడంటే ఇక ఆ చోటు ఈ జన్మకు నాది కాదు. బంతి లోపలికి పోవాలనే కోరుకున్నాను, నాకేం దాపరికం లేదు.

అవతలివాడు తన్నే క్షణానికి సుబ్బారావు ఎడమకు తల తిప్పాడు. ఒళ్లంతా అటే వాలింది. బంతి వచ్చి వాడి రొమ్ముకు తగిలి చేతుల్లో పడింది. జనం వాణ్ణి భుజాల మీదికెత్తుకుని ఊరేగించారు.

అందరూ వెళ్లాక వాడే నా దగ్గరికి వచ్చాడు. "ఏవండీ, మీవాళ్లెవరో గోలు వెనకాల ఎడంపక్కన నిలబడి 'యాడ, యాడ' అంటున్నారండీ. అది కూడా సరిగ్గా పలకట్లేదు, 'ఎడ' అంటున్నాడు. ఏం పోగొట్టుకున్నాడో పాపం అని అటు చూశాను. బంతొచ్చి చేతిలో పడింది. నా గొప్పేం లేదండీ."

గోలు వెనక్కి పరుగెత్తాను. గోలుకూ కాలవకూ మధ్య ఉన్నది మూరెడు గట్టు. బురద అలికినట్టు నున్నగా ఉంది, ఒక్క అడుగు గుర్తు లేదు. కాలవ నిండా నీళ్లు. ఆవలి గట్టున ముళ్లకంచె. మ్యాచి చూసిన జనమంతా ఎదుటి పక్కనే నిలబడ్డారు. ఆ గుసగుస గురించి నేను ఎవరికీ చెప్పలేదు. వాడు కల్పించాడనుకుందామా అంటే, వాడికి ఆ మాటకు అర్థమే తెలియదు.

నాకు భయం వేయలేదు. ఏడుపొచ్చింది, దాని వెంటే ఓర్వలేని మంట. చచ్చిపోయినవాడు అంత దూరం నుంచి వచ్చి, ఎడకూ యాడకూ తేడా తెలియనివాడికా చెప్పేది? పది గజాల్లో తోడబుట్టినవాణ్ణి నేనున్నానే!

ఉండబట్టలేక అమ్మకు చెప్పాను. ఆమె సుబ్బారావును పిలిపించి పీట వేసి కూర్చోబెట్టింది. "ఎట్లనె నాయినా? ఇంగొకతూరి అనప్పా" అని మళ్లీ మళ్లీ అనిపించుకుంది. వాడు వాడి యాసలో 'ఎడ, ఎడ' అంటుంటే ఆమె కళ్లలో ధారలు. ఆనాటి నుంచి మా ఇంట్లో పెనం మీది మొదటి జొన్నరొట్టె వాడిదే అయింది.

నేను ఊరుకుంటానా? ఎర్రిస్వామిని బతిమాలి ఆ గోల్లో నిలబడి పెనాల్టీలు తన్నించుకున్నాను. ఒక్కణ్ణే పోయి గంటలు గంటలు నిలబడ్డాను. కాలవ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. తర్వాత్తర్వాత టీము చెదిరిపోయి ఆ గ్రౌండు వరిమడి అయింది. కొన్నదెవరనుకున్నారు? సుబ్బారావు వాళ్ల నాయనే.

అమ్మ మంచం పట్టాక ఒకసారి అంది. "ఆ జెర్సీ సూసి మీ అన్న గోల్లో నువ్వే ఉండావనుకున్నాడేమోరా. వాడు చెప్పింది నీకే."

నమ్మాలనే ఉంది. కానీ సుబ్బారావు నాకంటే మూరెడు పొడుగు. ఎత్తుకుని పెంచినవాడికి ఆ మాత్రం తెలియదా? నన్ను గుర్తుపట్టలేక వాడికి చెప్పాడా, గుర్తుపట్టే నన్ను కాదన్నాడా, ఇన్నేళ్లయినా నాకు అంతుబట్టలేదు.

ఇప్పటికీ ఆ కాలవ గట్టు మీద పోతే కాళ్లు వాటంతటవే ఆగుతాయి. వరిమడి వైపు వీపు పెట్టి, నీళ్లకేసి చెవి ఒగ్గి నిలబడతాను. 'ఎడ' వాడికే ఇచ్చుకోనీ. నాకు 'బల' అన్నా చాలు.