విల్‌కాక్స్‌లో చూసిన ట్రైలర్

శనివారం ఉదయం ఆరున్నరకు చాండ్లర్‌లో బయలుదేరాం. బండి మా బావమరిది ప్రభాకర్‌ది, పెద్ద పికప్. చిప్‌ల ఫ్యాక్టరీలో ఉద్యోగం పోయాక సరుకు రవాణా మొదలుపెట్టాలనుకున్నాడు. పికప్ ఉంది, వెనక తగిలించడానికి ట్రైలర్ లేదు. విల్‌కాక్స్‌లో మాకు తెలిసిన ఎలీషా గారు పాత గూస్‌నెక్ ట్రైలర్ అమ్ముతున్నారని తెలుగు చర్చిల వాట్సాప్ గ్రూపులో చూశాడు. గూస్‌నెక్ అంటే ముందు భాగం బాతు మెడలా వంగి, పికప్ తొట్టి మధ్యలో ఉన్న ఇనుప గుండుకు తగులుకునే రకం. లాగే భారమంతా ఆ మెడ మీదే.

నేనెందుకు వెంట వెళ్ళానో చెప్పాలి. రెండేళ్ళ క్రితం నా భార్య సునీత, ప్రభాకర్‌కు అక్క, ఈ ఐ-టెన్ రోడ్డు మీదే చనిపోయింది. ముందు వెళ్తున్న పికప్ నుంచి ఇలాంటి ట్రైలరే ఊడి ఆమె కారు మీదకు వచ్చింది. ఆ ట్రైలర్ మెడ దగ్గర వెల్డింగ్ విరిగింది. ఆ తర్వాత ట్రైలర్ల గురించి దొరికిందల్లా చదివాను. ఎవరి కోసం చదువుతున్నానో అప్పుడు తెలియదు.

టూసాన్ దాటాక ప్రభాకర్ అసలు సంగతి చెప్పాడు. పోయిన ఆదివారం నేను వెళ్ళని ఆరాధనలో, ప్రభువు తనకు ట్రైలర్ ఇచ్చాడని సాక్ష్యం చెప్పేశాడట. సంఘమంతా స్తోత్రం చెప్పిందట. అప్పటికి అతను ట్రైలర్‌ను ఫోటోలో తప్ప చూడలేదు.

"చూడకుండా ఎలా చెప్పావు?"

"ఎలీషా అన్న మనోడే కదా బావా. టూసాన్ ఫెలోషిప్ చర్చిలో పెద్ద. అనుమానంగా అడిగితే ఏం బాగుంటది?"

మనవాడైతే అడగకూడదు. ఈ మర్యాద మనకు ఎవరు నేర్పారో గాని, అమెరికా వచ్చినా వదల్లేదు.

బెన్సన్‌లో గ్యాస్ కొట్టించి, గుడ్డు బరీటోలు తిన్నాం. పక్క పంపు దగ్గర గుర్రాల ట్రైలర్ లాగుతున్న ఒక పెద్దావిడ ప్రతి చక్రం నడిమధ్యన చెయ్యి పెట్టి చూస్తోంది. ఎందుకని అడిగాను. "చెయ్యి కాలితే లోపల బేరింగ్ పోతోందన్నమాట. ఆగిన ప్రతిచోటా చూస్తాను, గుర్రాలు నోరు తెరిచి చెప్పలేవు కదా" అంది.

ఎలీషా గారి స్థలం ఊరి బయట, మట్టిరోడ్డు చివర. పది దాటాక చేరాం. "వందనాలు బ్రదర్, వందనాలు. ముందు టిఫిన్ చేయండి. తర్వాత ప్రార్థన చేసుకుని టైటిల్ కాగితం మీద సంతకం పెట్టేద్దాం" అన్నారు. వాళ్ళావిడ పెసరట్లు వేసింది. తిన్నాం. చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆయన టోపీ తీసి ట్రైలర్ ముందు కళ్ళు మూసుకోబోతున్నారు.

"కింద చూశాక ప్రార్థన చేద్దామండి" అన్నాను.

"నమ్మకం లేదా బ్రదర్?"

"మిమ్మల్ని కాదు, ఇనుమును చూడాలి."

ప్రభాకర్ నా చొక్కా లాగాడు. నేను పట్టించుకోలేదు.

టైర్ల గాడులు కొత్తవాటిలా ఉన్నాయి. కానీ టైరు పక్కన చెక్కిన నాలుగంకెల్లో చివరి రెండూ తయారైన సంవత్సరం చెబుతాయి. ఆ లెక్కన టైర్లు చాలా పాతవి, వంగి చూస్తే రబ్బరులో చీలికలు కనిపించాయి. నేల చెక్కల్లో స్క్రూడ్రైవర్ గుచ్చితే రెండుచోట్ల మెత్తగా దిగింది. ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు దానంతటవే పట్టాలి, అందుకు ఒక చిన్న బ్యాటరీ, తీగతో లాగే పిన్ను ఉంటాయి. పికప్‌కు తగిలించి, కరెంటు ప్లగ్గు తీసేసి, పిన్ను లాగి, ప్రభాకర్‌ను మెల్లగా ముందుకు పోనిమ్మన్నాను. చక్రాలు హాయిగా తిరిగాయి. బ్యాటరీ పెట్టె తెరిస్తే ఖాళీ.

"దానికేముంది బ్రదర్, వాల్‌మార్ట్‌లో దొరుకుద్ది" అన్నారు ఎలీషా గారు.

ట్రైలరంతా ఎండకు వెలిసి ఉంది. మెడ చట్రాన్ని కలిసే మూల ఒక్కటే కొత్త రంగుతో నల్లగా మెరుస్తోంది. వీపు కింద గోనె వేసుకుని దూరి, ఆ రంగును గీకాను. వెల్డింగ్ పక్కన పగులు. ప్రభాకర్‌ను కిందికి పిలిచాను. అతను చాలాసేపు బయటకు రాలేదు.

"ఇది తెలిసే రంగేశారా అన్నా?" అన్నాడు లేచి.

"హెయిర్‌లైన్ అది, వెంట్రుకంత గీత. నేను లోకల్‌గా తిప్పుకున్నా, ఏం కాలేదు. ప్రభువు కాపాడతాడయ్యా. నువ్వు ఆల్రెడీ సాక్ష్యం కూడా చెప్పావంటగా?"

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. పగులు మీద రంగు పూసినవాడు, ఆ కుర్రాడి సాక్ష్యాన్ని కూడా అదే పనికి వాడుతున్నాడు. ఆయన ఇంట్లో పెసరట్టు తిన్నందుకు సిగ్గేసింది.

"మా అక్క ఎట్లా పోయిందో మీకు తెలుసు. ఫ్యునరల్‌లో వాక్యం చదివింది మీరే" అన్నాడు ప్రభాకర్. ఆయన టోపీ పెట్టుకుని, కొనడానికి తమకు వేరే పార్టీ ఉందన్నారు.

ట్రైలర్ విప్పేసి ఖాళీ పికప్‌తో వెనక్కి బయలుదేరాం. బెన్సన్‌లో ఆపి, ప్రభాకర్ పగులు ఫోటోను ఎలీషా గారి ప్రకటన కిందే గ్రూపులో పెట్టాడు. టూసాన్ రాకముందే మా పాస్టర్ గారి ఫోన్ వచ్చింది. స్పీకర్లో పెట్టాడు.

"బ్రదర్, పెద్దాయన్ని నలుగురిలో అలా పెట్టడం బాలేదు. తీసేయండి. కూర్చుని మాట్లాడుకుందాం."

"ఆ వేరే పార్టీ కొనేసినాక కూర్చుందామా పాస్టర్ గారూ?"

"అది కాదు బ్రదర్, మీ సాక్ష్యం కూడా ఉంది కదా. సంఘం ఏమనుకుంటది?"

"రేపు ఆరాధనలో లేచి, చూడకుండా చెప్పానని చెప్తాను. ఫోటో మాత్రం తియ్యను."

చాండ్లర్ చేరేదాకా ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఎలీషా గారి మనసు నొచ్చిందని అందరూ చెప్పారు. వాళ్ళలో చాలామంది సునీత సమాధిలో మట్టి వేసినవాళ్ళే. పగులు ఎంత ఉందని ఒక్కరు అడగలేదు. అడుగుతారని కింద పడుకున్నప్పుడే కొలిచాను. జానెడు ఉంది.