అత్తయ్య చేసిన ప్రారంభోత్సవం

కాలు విరిగాక మా అత్తయ్య గడప దాటలేదు. "నలుగురూ నన్నెత్తుకుని మెట్లెక్కిస్తుంటే సిగ్గేస్తుంది" అనేది. మా బాబు అన్నప్రాశన బట్టల కోసం బతిమాలి, చక్రాల కుర్చీలో నరసరావుపేటలో కొత్తగా పెట్టిన బట్టల షాపుకు తీసుకెళ్లాను. బాబు ఆమె ఒళ్లో ఉన్నాడు.

ముందంతా మెట్లే. పక్కగోడకు చక్రాల కుర్చీ బొమ్మ, బాణం గుర్తు ఉన్న నీలం బోర్డు చూసి ప్రాణం లేచొచ్చింది. బాణం వెంట వెళ్లి ర్యాంపు సగం ఎక్కామో లేదో, కుర్చీ వెనక్కి జారింది. ఒళ్లో పసివాడు! కళ్లు మూసుకుని బలమంతా పెట్టి తోశాను. పైన ఏదో ఫట్టున తెగింది. వెంటనే మేళం మోగింది.

కళ్లు తెరిస్తే అత్తయ్య మెడలో ఎర్ర రిబ్బన్! ర్యాంపు పైనున్న తూర్పు గుమ్మమే వాస్తుకు మంచిదని షాపు ప్రారంభోత్సవం అక్కడ పెట్టారట. కత్తెర పట్టుకుని ఫొటోకు నిలబడ్డ నాయకుడు నోరు తెరిచాడు.

"ఏంది నాయనా, దారని బోర్డు పెట్టి తాడు కడతారా?" అంది అత్తయ్య.

ఆయన పగలబడి నవ్వాడు. "ముహూర్తానికే తెంచావులే పెద్దమ్మా!" అంటూ కత్తెర ఆమె చేతికిచ్చి, ఫొటోలో పక్కన నిలబడ్డాడు.

ఆ నీలం బోర్డు ఎక్కడ కనిపించినా నాకు ముందు గుండె దడ, తర్వాత నవ్వు. అత్తయ్య మాత్రం రోజూ అడుగుతోంది: "ఏమే, ఊళ్లో ఇంకే షాపూ తెరవట్లేదా?"