మా పాప తలలోకి వెళ్ళని వెలుతురు

మా తోటికోడలి మీద నాకు అసూయ అని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుపడను. అప్పట్లో మాత్రం పళ్ళు బిగపట్టి నవ్వేదాన్ని.

పసిపిల్లల మెదడు ఎలా ఎదుగుతుందో చూడటానికి తిరువూరుకు ఒక పరిశోధన బృందం వచ్చింది. సూది లేదు, నొప్పి లేదు. చిన్న చిన్న దీపాలున్న టోపీ పెట్టి పిల్లలకు బొమ్మలు చూపిస్తారు. ఆ వెలుతురు తలలోకి వెళ్ళి వస్తే, మెదడు ఎక్కడ పనిచేస్తోందో కంప్యూటరులో కనిపిస్తుంది. మా ఇంట్లో ఏడాది దాటిన పిల్లలు ఇద్దరు: తోటికోడలి బాబు, మా పాప. ఇద్దరినీ తీసుకెళ్ళాం.

బాబుకు పదకొండో నెలలోనే నెమలి ఊరి గుడిలో పుట్టువెంట్రుకలు తీయించారు. ఇంకా జుట్టు సరిగా మొలవని తల మీద టోపీ చక్కగా కూర్చుంది. మా పాపకు మూడో ఏట తీయిస్తామని మొక్కు. ఒత్తయిన జుట్టు, పైగా పొద్దున్నే నేను పట్టించిన కొబ్బరినూనె.

“వెలుతురు లోపలికి వెళ్ళట్లేదండీ. పాపను తీసుకోలేం,” అంది పరిశోధకురాలు.

సాయంత్రానికి తోటికోడలి వాట్సాప్ స్టేటస్‌లో బాబు మెదడు ఎర్రగా, పచ్చగా మెరిసిపోతోంది. “మావాడు సెలెక్టయ్యాడక్కా! ఆర్నెల్లకి మళ్ళీ వస్తారంట,” అంది. మా పాప బుర్రకేం తక్కువ?

ఆర్నెల్లయ్యాక, వాళ్ళు మళ్ళీ రావడానికి వారం ముందు నేనే మొక్కు ముందుకు జరిపాను. రెండో ఏట తీయించకూడదని అత్తయ్య మొత్తుకుంది. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలి, మా తమ్ముడికేమో సెలవు దొరకలేదు. నేను ఆగలేదు. ఫొటో చూసి వాడు ఫోన్ చేశాడు.

“నేను రాకుండానే తీయించేశావా అక్కా?”

వాడి గొంతు విన్నాక కూడా నాకు ఆ టోపీయే కళ్ళముందు మెదిలింది.

వాళ్ళు వచ్చిన రోజు పరిశోధకురాలు నన్ను చూడగానే నవ్వింది. “మీ పాప కోసమే చూస్తున్నామండీ. ఒత్తు జుట్టు పిల్లలందర్నీ వదిలేశాం, తప్పు మాదే. వాళ్ళు లేకుండా ఇక్కడి పిల్లల గురించి ఏం చెప్పగలం? జుట్టు పాయలు తీసి పెట్టే టోపీ తెచ్చాం.”

నేను పాప తల మీది గుడ్డ తీశాను.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. “అయ్యో… ఈసారి జుట్టున్నవాళ్ళే కావాలండీ.”

నా వెనక తోటికోడలు బాబును ఎత్తుకుని నిలబడి ఉంది. వాడి జుట్టు చెవుల మీద పడుతోంది. పరిశోధకురాలు చేతులు చాచి వాణ్ణే తీసుకుంది.

“అక్కా, ఒక ఫొటో తియ్యవా?” అంటూ తోటికోడలు ఫోను నా చేతిలో పెట్టింది.

తీశాను. మసకగా వచ్చింది. కావాలనే అలా తీశాను.