ఏడుగురి బరువుకు సరిచేసిన చక్రాలు

ఈరోజు ఆదివారం. దోసెలపిండి రుబ్బడం అయింది. దుప్పట్లు ఉతకడం అయింది. పప్పు డబ్బాలు ఎండలో పెట్టి తీయడం అయింది. ఇక చేతిలో పనేమీ లేదు... పని లేనప్పుడే పాత భయాలు గుర్తొస్తాయి.

మా చిన్నప్పుడు... నాంపల్లిలో మా ఇంటి ముందు ఒక పాత కారు ఉండేది. దానికి రెండే తలుపులు. ఎక్కేవాళ్ళం మాత్రం ఏడుగురం... అమ్మ, నాన్న, నాయనమ్మ, బాబాయి, పిన్ని, తమ్ముడు, నేను.

మేమంతా ఎక్కామంటే వెనక చక్రాలు రెండూ పైన లోపలికి వాలి, కింద బయటికి జరిగి, కాళ్ళు చాపుకున్నట్టు అయిపోయేవి. ఎదురుగా ఉన్న కిరాణా కొట్టాయన ఊరుకునేవాడు కాదు. "ఏంది సార్, మీ కారు బాతు లెక్క కూసుంటది?"

నాన్నకు తల కొట్టేసినట్టయ్యేది. ఒకరోజు కార్లు బాగుచేసే యాదగిరి మిస్త్రీని ఇంటికే పిలిపించారు.

మిస్త్రీ వెనక కమాను విప్పాడు. బండి బరువంతా మోసే ఇనప పట్టీల కట్ట అది. పట్టీలకు మళ్ళీ వంపు పెట్టించి తెచ్చి బిగించాడు. తర్వాత, గోడలు కట్టేవాళ్ళు వాడే గుండు దారం చక్రం పక్కన వేలాడదీశాడు.

"ఎక్కుండ్రి అందరు. ఇంట్ల ఎందరుంటే అందరు. ఖాళీ బండికి సరిచేస్తే, రేపు మీరు ఎక్కంగనే మల్ల కూలబడుతది."

"ఏవయ్యా, పొయ్యి మీద పప్పుంది. నన్ను తూకం రాయిలా కూర్చోబెడతావేంటి?" అంది నాయనమ్మ.

"జర కూసో అవ్వా. పప్పు యాడికి పోదు."

ఇరుక్కుని కూర్చున్నాం. కదిలితే కొలత తప్పుతుందేమోనని ఊపిరి కూడా బిగబట్టాం... మిస్త్రీ మమ్మల్ని దింపుతూ, పని చేస్తూ, మళ్ళీ ఎక్కిస్తూ మధ్యాహ్నం దాకా తంటాలు పడ్డాడు. చివరికి చక్రం దారంతో సమానంగా నిటారుగా నిలబడింది. కొట్టాయన కూడా రోడ్డు దాటి వచ్చి చూసి, "గిట్లుండాలె బండి!" అన్నాడు. నాన్న ముఖం చూడాలి అప్పుడు.

మర్నాడు సన్నగా జల్లు. నాన్న ఆఫీసు బషీర్‌బాగ్‌లో, నా బడి గన్‌ఫౌండ్రీలో. కారులో మేమిద్దరమే. అబిడ్స్ మలుపులో ఒక సైకిల్ రిక్షా అడ్డం వచ్చింది. నాన్న ఒక్కసారిగా స్టీరింగ్ తిప్పారు.

కారు వెనకభాగం పైకి లేచింది... కింద ఎవరో చేయి పెట్టి ఎత్తినట్టు. కిటికీలో రోడ్డు నా భుజం దగ్గరికి వచ్చేసింది. తడి రోడ్డు మీద ఒక అరటి తొక్క కూడా కనిపించింది. తర్వాత ధన్‌మని కారు మళ్ళీ కిందికి పడింది.

నాన్న కారు పక్కకు ఆపారు. నన్నొకసారి తల నుంచి కాళ్ళ దాకా చూశారు.

"రోడ్డు తడిగా ఉంది, అంతే... ఇంట్లో చెప్పకు. నాయనమ్మ కంగారు పడుతుంది."

బడి దగ్గర దిగి వెనక చక్రం చూశాను. అది నిటారుగా లేదు. పైన బయటికి, కింద లోపలికి... మోకాళ్ళు దగ్గర పెట్టుకుని నిలబడ్డ మనిషిలా ఉంది. ఆ కారులో నాన్న ఒక్కరే వెళ్ళిపోయారు.

ఆ రోజు పాఠాలేవీ తలకెక్కలేదు. సాయంత్రం ఇంటికొచ్చి గేటు పట్టుకుని నిలబడ్డాను. మళ్ళీ వాన మొదలైంది. ప్రతి హారన్‌కూ మెడ చాచడం... మనది కాదు. ఇంకోటి... అదీ కాదు. నాన్న అదే మలుపు తిరిగి రావాలి కదా.

"ఏవిటే, తడుస్తూ ఆ నిలబడ్డం?" అని నాయనమ్మ వచ్చింది. ఇక ఆగలేకపోయాను. ఏడుస్తూ అంతా చెప్పేశాను. నాయనమ్మ నన్ను తిట్టలేదు. నా పక్కనే గేటు పట్టుకుని నిలబడింది.

నాన్న వచ్చేసరికి ఇంట్లో దీపాలు పెట్టేశారు. నాయనమ్మ ఆయన్ని పలకరించకుండానే వెనక చక్రం దగ్గరికి నడిచింది. "బాబాయినీ, అమ్మనీ పిలువు" అంది నాతో. వాళ్ళతో కలిసి వెనక సీట్లో ఎక్కింది. చక్రం కాస్త సర్దుకుంది. దిగారు... మళ్ళీ వంకరపోయింది.

"ఒరేయ్, ఇది మనమందరం ఉంటేనే నిలబడే బండిరా. నువ్వొక్కడివే వెళ్తే నిలబడదు. రేపట్నుంచి వెనక నేను కూర్చుంటా."

"అమ్మను వెంటేసుకుని ఆఫీసుకెవరెళ్తారమ్మా!"

"అయితే మిస్త్రీని పిలువు. అప్పటిదాకా తాళాలు నా దగ్గరే." తాళాలు తీసుకుని కొంగున ముడేసుకుంది.

యాదగిరి వచ్చి, చక్రం చూసి తల పట్టుకున్నాడు. "ఒక్కరే పోతరని చెప్పకపోతిరి సార్! బరువు లేకుంటే కమాను లేచి, మలుపుల చక్రం లోపలికి ముడుసుకుంటది. కారుల ఒక్కరే పోవుడేంది? ఇన్ని దినాల్ల నేను గట్ల సూడలే." మా వాళ్ళెవరికీ కూడా చక్రాలు సరిచేసిన రోజు అది తట్టలేదు. కారంటే ఇంటిల్లిపాదీ ఎక్కేదనే అందరి లెక్క.

మిస్త్రీ పట్టీలకు తను పెట్టిన వంపు తగ్గించి, ఈసారి నాన్న ఒక్కరినే కూర్చోబెట్టి దారం వేలాడదీశాడు. అందరం ఎక్కితే కారు మళ్ళీ బాతే. కొట్టాయన మళ్ళీ నవ్వాడు. నాన్న కూడా నవ్వేశారు... నేను మాత్రం చాలాకాలం ఆ మలుపు రాగానే కళ్ళు మూసుకునేదాన్ని.

ఇప్పుడు అబిడ్స్ సిగ్నల్ దగ్గర చూస్తే, కారుకొకరే మనిషి. మా ఇంట్లోనూ అంతే. మావారు ఎక్కడిదాకా వచ్చారో ఫోన్ మ్యాపులో చుక్క చూపిస్తుంది. గేటు దాకా వెళ్ళే పనే లేదు. ఆ చుక్క కాసేపు కదలకపోతే మాత్రం మళ్ళీ అదే భయం... పక్కన నిలబడే మనిషి కూడా లేదు ఇప్పుడు.

మీ చిన్నప్పుడు మీ ఇంట్లో, బయటికెళ్ళినవాళ్ళు వచ్చేదాకా గేటు దగ్గర నిలబడింది ఎవరు? చెప్పండి... చదువుతాను.