మిల్లు జీపులో గొర్రెల గుట్టకు

మా అన్న సైదులు ఫోన్‌లో తన గొర్రెలను పిలిచాడు. అవి తల కూడా ఎత్తలేదు. ఈ ప్రయాణం మొదలైంది అక్కడే. నవ్వొస్తే నవ్వండి, మొదట నేనూ నవ్వాను. పోయిన వానాకాలంలో, తుంగతుర్తి వైపున్న మా ఊరి గుట్టపై తడిబండ మీద జారి పడి అన్న తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ అయ్యాక, దవాఖాన దగ్గరగా ఉంటుందని కోదాడలో మా ఇంటికి తెచ్చుకున్నాం. నేను అక్కడి జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. మంద మాత్రం మా వదిన లింగమ్మ చేతికి వచ్చింది. ఎండాకాలమంతా ఆమె దాన్ని కాలువల కింది పొలాలకు తోలుకుపోయింది, వానలు పడగానే మళ్లీ గుట్టెక్కించింది. అన్న ఈ ఏడాదంతా మంచానికి, చేతికర్రకు మధ్యనే తిరిగాడు. ఒకరోజు వదినకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టించి, ఎప్పటిలాగే నాలుకతో టక్కుటక్కుమని చప్పుడు చేసి "దా... దా దా..." అని సాగదీసి పిలిచాడు. ఒక్కటీ కదల్లేదని వదిన ఉన్నమాట చెప్పేసింది. అన్న ఫోన్ పక్కన పెట్టి, "నన్ను మర్సినయ్ సుజాతా. ఇగ ఎందుకవి? అమ్మేస్త" అన్నాడు. మరుసటి రోజే బేరగాడితో మాట్లాడి, రమ్మన్నాడు కూడా.

నాకు ఒళ్లు మండింది. "ఫోన్‌లో గొర్లకు నీ గొంతు ఎట్ల తెలుస్తదే? వాటికేమన్న నంబర్ సేవ్ చేసినవా?" అంటే వినడే. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. బేరగాడు వచ్చేలోగా నేను అన్నను గుట్ట మీదికి తీసుకెళ్లాలి. ఎదురుగా పిలిచినప్పుడు మంద వస్తే ఉంచుకుంటాడు, రాకపోతే అమ్మేస్తాడు. నడిచి ఎక్కలేని మనిషిని బండల మీదికి ఎక్కించేది ఏముంది? మిర్యాలగూడలో, నెలల తరబడి నేను ముక్కలు ముక్కలుగా బాగు చేయించుకుంటున్న నా పాత జీపు తప్ప.

జీపును అన్న కోసమే కొన్నానంటే అబద్ధం. పెద్ద పెద్ద బండల మీద జీపులు తాబేళ్లలా పాకుతూ ఎక్కే వీడియోలు చూసి చూసి నాకు పట్టుకున్న పిచ్చి అది. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు వెనక, ఊక కుప్పకు ఆనుకుని ఆ జీపు కనబడింది. ఒకప్పుడు మిల్లు సేటు వడ్ల బేరాలకు ఊళ్లు తిరిగిన బండి. "ఏం జేస్తవమ్మా దీన్ని?" అని సేటు అడిగితే, "గుట్టలెక్కిస్త" అన్నాను. ఆయన నన్నూ జీపునూ మార్చి మార్చి చూసి, పాత ఇనుము రేటుకే ఇచ్చేశాడు. దాని సందుల్లోంచి ఊక రాలడం ఇప్పటికీ ఆగలేదు. మెకానిక్ జానీ దగ్గర అడుగు రేకు మొత్తం కోసి కొత్తది వేయించాను. చక్రాల మీది కమాన్ స్ప్రింగులకు పట్టీలు పెంచి బండిని కాస్త ఎత్తు చేయించాను. ఏళ్లుగా బిగుసుకుపోయిన ఫోర్ వీల్ గేరును విప్పి, కడిగి, మళ్లీ పెట్టించాను. కొన్న ధరకు మూడింతలు బాగుచేతకే అయింది, కొనాలనుకునేవాళ్లు ఆ లెక్కన సిద్ధపడండి. ముందు సీటు పక్కన ఒక మెట్టు, పట్టుకోడానికి ఒక ఇనుప కడ్డీ మాత్రం అన్న పడ్డాక, అన్న కోసం వేయించినవి.

తెల్లవారుజామున మొదటి బస్సుకు కోదాడ నుంచి మిర్యాలగూడ వెళ్లాను. ఊరంతా ఉడికిన వడ్ల వాసన. మిల్లుల పొగ మంచులో కలిసి రోడ్డు మీదికి దిగింది, ఆ పొగలోంచి మనుషులు సైకిళ్లతో సహా మెల్లగా తేలివస్తున్నట్టు కనిపిస్తున్నారు. జానీ షెడ్డు ముందు నా జీపు కడిగి పెట్టి ఉంది. ఆకుపచ్చ రంగు మీద నీటి చుక్కలు ఇంకా ఆరలేదు. దాన్ని చూడగానే నిజంగానే సంతోషమేసింది. జానీ మాత్రం తల గోక్కుంటున్నాడు.

"మేడం, సెల్ఫ్ మోటార్ కొత్తది ఇంక రాలే. ఉన్నది జర కమ్జోర్, ఒక్కోపారి బండి అందుకుంటలేదు. వారం ఆగుండ్రి."

"రేపే బేరగాడొస్తడు జానీ. ఆగేటట్టు లేదు."

"అయితే ఒక్క మాట. గుట్ట మీద మాత్రం ఇంజన్ బంద్ చెయ్యకుండ్రి. సాపు జాగల అయితే నలుగురు తోస్తే స్టార్ట్ అయితది. ఎక్కుడు మీద ఆగితే ఎవలు తోస్తరు? ఎనకకు జారితే పరేషాన్ అయితది."

సరేనని ట్యాంక్ నింపించుకున్నాను. పోనూ రానూ రెండు వేల పైచిలుకు డీజిల్ పడుతుంది. హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు గంటన్నర చాలు గానీ, మేళ్లచెరువు వైపు నుంచి సిమెంటు లారీలు తగులుతాయి, తొందరపడకండి. నాకైతే ఆ ఉదయం తొందరపడాలనే అనిపించలేదు. అటూ ఇటూ పచ్చటి వరి, నడుమ నడుమ కొంగలు, అద్దాల్లేని కిటికీలోంచి తడిగాలి. జీపు ఒకే శ్రుతిలో గొణుగుతుంటే, నేను నిద్రలోనే నడుపుతున్నానా అని రెండు మూడు సార్లు చెయ్యి గిల్లుకున్నాను.

కోదాడలో ఇంటి ముందు అన్న తెల్ల లుంగీ, ఉతికిన తలపాగాతో ఎప్పుడో తయారై కూర్చున్నాడు. పక్క సందులో టిఫిన్ బండి నడిపే అనసూయమ్మగారు ఇడ్లీ పొట్లం కట్టిస్తూ, "పెళ్లిచూపులకా ఏంటండీ సైదులు గారూ, అంత ముస్తాబయ్యారు?" అని ఏడిపించింది. అన్న నవ్వలేదు. మెట్టు మీద కాలు పెట్టి, కడ్డీ పట్టుకుని, నా సాయం లేకుండా తనే ఎక్కాడు. ఎక్కాక సీటు తడిమి, "మంచిగున్నది" అన్నాడు. ఆ రోజుకు నాకు అదే మెప్పు.

కోదాడ నుంచి సూర్యాపేటకు హైవే. మామూలు కారులో ముప్పావుగంట, మా జీపుకు గంట దాటింది. బస్సులు మమ్మల్ని దాటి పోతుంటే పిల్లలు కిటికీల్లోంచి చేతులూపారు. సూర్యాపేటలో టీ తాగుతుండగా అన్న గ్లాసు చేతిలోనే పట్టుకుని, "రాకుంటే నువ్వేమనకు" అన్నాడు. నేనేమన్నాను? "వస్తయ్ తియ్యి" అన్నాను గానీ లోపల నాకూ దడగానే ఉంది. గొర్రెల్లో సగం ఈ ఏడాది పుట్టినవి. వాటికి అన్న ఎవరో కూడా తెలియదు. చిన్నప్పుడు మా ఇద్దరినీ పెంచింది ఆ మందే. నన్ను చదివించింది కూడా ఆ మందే. అన్న బడి మానేసి కర్ర పట్టుకున్నాడు కాబట్టే నేను సుద్దముక్క పట్టుకున్నాను. అది పోతే అన్న దగ్గర ఇంకేం మిగులుతుందో ఊహించడానికి కూడా నాకు మనసొప్పలేదు.

అక్కడి నుంచి తుంగతుర్తి దారి పట్టాం. ఇంకో గంటకు పైనే. గుట్ట పేరు మాత్రం రాయను, ఏమనుకోకండి. రాస్తే వచ్చే ఆదివారానికి అక్కడ ప్లాస్టిక్ గ్లాసులు మొలుస్తాయి. ఆ వైపు ఇలాంటి బండగుట్టలు చాలా ఉన్నాయి, ఏ ఊళ్లో అడిగినా చూపిస్తారు. అడగకుండా మాత్రం ఎక్కకండి, ప్రతి గుట్ట మీదా ఎవరో ఒకరి పశువులు మేస్తుంటాయి.

గుట్ట కింద ఆగి టైర్లలో గాలి తగ్గించాను, బండను అవి మెత్తగా పట్టుకుంటాయి. ఫోర్ వీల్ వేసి, అన్నింటికన్నా చిన్న గేరులో కదిలించాను. ఇక్కడ యాక్సిలరేటర్ మీద కాలితో పనిలేదు, తొందరతో అసలే పనిలేదు. నత్తనడకన ఒక్కో చక్రం ఒక్కో బండను వాసన చూసినట్టు చూసి ఎక్కుతుంది. జీపు ఒక పక్కకు వాలుతుంది, ఆకాశం కిటికీలోకి వస్తుంది, మళ్లీ నేల వస్తుంది. అన్న ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో దారి చూపిస్తున్నాడు.

"గా నల్లబండ ఎడమకు పో. ఆ... గిట్లనే. ఇగ ఆ రెండు బండల నడుమకెళ్లి తియ్యి. నున్నటి బాట, ముసలి గొర్రె గూడ ఎక్కుతది."

తీశాను. జీపు ఆ రెండు బండల మధ్య సీసాకు బిరడా బిగించినట్టు ఇరుక్కుంది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "అన్నా, నువ్వు చూపిచ్చింది గొర్ల బాట. ఇది గొర్రెనా?" అన్నాను. అన్న తల బయటపెట్టి రెండు వైపులా చూసి, "అవును గదా, ఇది జర బలిసింది" అన్నాడు. అప్పుడు నవ్వాడు. ఇంటి నుంచి బయల్దేరాక అదే మొదటి నవ్వు. పక్కరేకు కొత్త రంగు గీసుకుపోతుంటే నా ప్రాణం ఉసూరుమంది గానీ, ఎలాగో వెనక్కి తీశాను. ఒకప్పుడు కంచె రాళ్లు దింపిన ఎడ్లబండ్ల బాట అటువైపు ఉందని అన్నకు అప్పుడు గుర్తొచ్చింది. గడ్డి కప్పేసినా ఎద్దుబండి వెడల్పు అలాగే ఉంది. దాన్ని పట్టుకుని శిఖరానికి కొంచెం కిందనున్న పలకబండ దాకా వెళ్లాం. ముందు చక్రాలు పలక మీద, వెనక చక్రాలు వాలులో. అంతకు మించి జీపు ఎక్కదు.

పైన మంద కనిపించింది. మబ్బుల నీడలతో కలిసి గడ్డి మీద మెల్లగా జరుగుతోంది, ఏది నీడో ఏది గొర్రెనో దూరం నుంచి చెప్పడం కష్టం. వాటి వెనక బండ మీద వదిన నిలబడి ఉంది. అన్న గొంతు సవరించుకుని పిలిచాడు. గొర్రెలు తల ఎత్తాయి. ఎత్తి, ఒక్కసారిగా అటువైపుకు, ఇంకా పైకి పరుగెత్తాయి.

అన్న చెయ్యి కడ్డీ మీంచి జారిపోయింది. "సూసినవా" అన్నాడు.

పై నుంచి వదిన రెండు చేతులూ ఊపుతూ ఏదో చెబుతోంది. గాలికి సగమే వినిపించింది. "బండి... సప్పుడు... బేరగాడనుకుంటున్నయ్..." అప్పుడు అర్థమైంది నాకు. మా గొర్రెల బతుకులో డీజిల్ బండి వచ్చేది ఒక్కందుకే, కొన్నిటిని ఎత్తుకుపోవడానికి. ఆ చప్పుడులోంచి పిలిచేది ఎవరైతేనేం, వాటికి బేరగాడే.

ఇంజన్ ఆపాలి. జానీ మాట చెవుల్లో మోగింది. కిందికి చూస్తే వాలు, బండలు, పక్కన కాలు కుదరని మనిషి. ఆపితే మళ్లీ అందుకుంటుందో లేదో. ఆపకపోతే ఇంత దూరం రావడం దండగ. గట్టిగా హ్యాండ్ బ్రేక్ లాగి, దిగి, వెనక చక్రాల కింద దొరికిన రాళ్లన్నీ ఎత్తి కూరాను. తిరిగి వచ్చి దేవుడా అనుకుని ఇంజన్ ఆపేశాను.

ఎంత నిశ్శబ్దమో. పొద్దుటి నుంచి చెవుల్లో ఉన్న మోత పోయేసరికి గాలి గడ్డిని నిమిరే చప్పుడు, ఎక్కడో ఒక మెడగంట, రేడియేటర్ టిక్కుటిక్కుమని చల్లబడటం, అన్నీ ఒక్కొక్కటిగా వచ్చాయి. అన్న వెంటనే పిలవలేదు. భయపడ్డాడని నాకు తెలుసు. "పిలువన్నా" అన్నాను. నాలుక టక్కుటక్కుమంది. "దా... దా దా..."

ముందు ఒక ముసలి గొర్రె తిరిగింది. చెవి చినిగినది, అన్న చేతిలో పుట్టినది. అది రెండడుగులు వేసి ఆగి, మళ్లీ వింది. అన్న మళ్లీ పిలిచాడు. అది దిగడం మొదలుపెట్టగానే దాని వెనక ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి, తల్లుల పక్కన ఏమీ తెలియని పిల్లలు. చూస్తుండగానే గుట్ట కిందికి పారుతున్నట్టు మంద మొత్తం జీపును చుట్టుముట్టింది. ముసలి గొర్రె మెట్టు మీద ముందరి కాళ్లు పెట్టి అన్న మోకాలి మీద మూతి ఆనించింది. మా అన్న ఏడుస్తాడని నేను ఎన్నడూ అనుకోలేదు. తలపాగా చివరతో మొహం కప్పుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచేదేముంది.

వదిన మంద వెనకే దిగి వచ్చింది. అన్న కళ్లు తుడుచుకుని, "లింగమ్మా, ఆ బేరగానికి ఫోన్ కలుపు. రేపు రావద్దని సెప్త" అన్నాడు.

"నిన్ననే సెప్పిన" అంది వదిన.

"నన్నడగకుండనా?"

"ఏడాది సంది కాసింది నేను. నిన్నేమడగాలె? నువ్వొస్తవా రావా అని సూసిన, గంతే."

జీపు నీడలోకి దూరిన గొర్రెలు లేవనేలేదు, అవి లేచేదాకా మేమూ కదల్లేదు. ముగ్గురం పంచుకోవాల్సిన ఇడ్లీలను ముసలి గొర్రెతో కలిపి నలుగురం తిన్నాం. ఎండ వాలుతున్నప్పుడు తాళం తిప్పాను. సెల్ఫ్ ఒకసారి టక్కుమంది, రెండోసారి మూలిగింది, మూడోసారి అందుకుంది. గొర్రెలు ఉలిక్కిపడి దూరం జరిగాయి, కానీ ఈసారి పరుగెత్తలేదు. అన్న నాతో కోదాడకు రానన్నాడు. గుట్ట కింద ఇంటి దగ్గర దింపేసి, ఖాళీ సీటుతో, సీటు నిండా గొర్రె బొచ్చుతో నేను ఒక్కదాన్నే తిరిగి వచ్చాను. దారి పొడవునా ఆ పిలుపు నా పక్కనే కూర్చున్నట్టుంది. బండలెక్కడానికి బండిని తయారు చేస్తున్నాననుకున్నాను ఇన్నాళ్లూ. ఎక్కడమంటే చివరికి ఒక చోట ఆగి వినడమేనని ఆ పలకబండ మీద తెలిసింది. పాత బండితో గుట్టలెక్కాలనుకునేవాళ్లకు చెప్పేది ఒక్కటే. పెద్ద టైర్ల కన్నా ముందు సెల్ఫ్, బ్యాటరీ బాగు చేయించుకోండి. పైకి వెళ్లాక ఇంజన్ ఆపాల్సి వస్తుంది.