నాగన్న మామ ముగ్గుపిండి పరీక్ష

ఈ ఉదయం ఎదురింటావిడ ముగ్గు వేసి లోపలికి వెళ్లిందో లేదో, నీళ్ల ట్యాంకరు దాని మీదుగా కారుకుంటూ పోయింది. తడిసిన ముగ్గుపిండి నుంచి కొత్తగా సున్నం కొట్టిన గోడ వాసన లేచింది. ఆ వాసనకు కొందరికి పండగలు గుర్తొస్తాయట. నాకు వాషింగ్ మెషిన్ అడుగుభాగం గుర్తొస్తుంది, దాని వెనకాలే నాగన్న మామ. ఆయన గురించి ఒక మహాకావ్యమే రాయొచ్చు: ధర్మవరంలో నీటికీ పట్టుకీ మధ్య జరిగిన మహాసంగ్రామం, చావుబతుకుల మధ్య ఒక పెళ్లిచీర. నిజానికి అంత లేదు. మెషిన్ కారింది. ఆయన ఆపాడు. మధ్యలో నేను అడ్డంపడ్డాను.

అప్పట్లో నేను ధర్మవరంలో ఒక చిన్న బడిలో లెక్కలు చెబుతూ, నాగన్న మామ మిద్దె మీది గదిలో అద్దెకుండేవాణ్ని. ఆయన నాకు చుట్టమేమీ కాదు. ఇల్లిచ్చినాయన మామ, ఆయన భార్య లక్ష్మక్క అత్త, ఆ వీధిలో వరసలు అలాగే కలుస్తాయి. సరిగ్గా నా గది కింద ఆయన మగ్గం. పొద్దున్నే మొదలైన దాని చప్పుడు సాయంత్రం వరకూ ఒకే తీరుగా వినబడేది. నాకేమో ఏ పనిలోనూ కుదురు లేదు. ఇడ్లీ ఉడికేలోపు మూడుసార్లు మూత తీసి చూసేవాణ్ని. అందుకే నేను వండిన ఇడ్లీ సరిగ్గా ఉడికిన దాఖలా లేదు. అలాంటి నేను, బదిలీ మీద వెళ్తున్న తోటి మాస్టారి దగ్గర పాత వాషింగ్ మెషిన్ కొన్నాను.

మూడోసారి బట్టలు వేసిన రోజు మామ మెట్లెక్కి వచ్చాడు. అరచెయ్యి చాచి చూపించాడు, తడిగా ఉంది.

"ఏమప్పా, మీ గదిలో వాన పడిందా?"

"లేదు మామా."

"మరి మా మగ్గం కాడ పడింది."

మా జిల్లాలో వాన పడితే జనం బంధువులకు ఫోన్ చేసి మరీ చెప్పుకుంటారు. ఆ మాట నోటిదాకా వచ్చింది కానీ, ఆయన మొహం చూసి మింగేశాను. కిందికి వెళ్లి చూస్తే మగ్గం మీద సగానికి పైగా నేసిన ఎర్రటి పెళ్లిచీర. చుక్క పడింది దానికి జానెడు దూరంలో. నీళ్లు తగిలితే రంగు కమిలిపోతుంది, నెల రోజుల పని పాడవుతుంది, నేయించుకుంటున్న షావుకారు తీసుకోడు. పెళ్లి తేదీ ఎటూ ఆగదు.

"ఇంకా పది దినాల పని ఉండాది. అంతవరకన్నా నీ వాన ఆపు," అన్నాడు మామ.

మెషిన్ ఆపేశాను. మరుసటి రోజు కూడా చుక్క పడింది. దాంతో నాలోని వీరుడు లేచాడు. ఒకే సాయంత్రం నీళ్లు వచ్చే పైపు మార్చాను, పోయే పైపు మార్చాను, అతుకులన్నిటికీ జిగురు ముద్ద పూశాను, మెషిన్ కాళ్ల కింద అట్టలు పెట్టాను. గెలిచానో లేదో చూద్దామని బటన్ నొక్కాను. కాసేపటికి కింది నుంచి అత్త కేక:

"ఓ సారూ! ఆపప్పో!"

నేను కిందికి దూకేసరికి, ఆమె మగ్గం మీదికి వంగి కట్టుకున్న చీర కొంగును పెళ్లిచీర మీద పరిచి పట్టుకుని ఉంది. కొంగు మీద చుక్కలు పడుతున్నాయి. ఇల్లు ఖాళీ చేయమంటారని మెట్ల మీదే క్షమాపణ ప్రసంగం తయారు చేసుకున్నాను. ఎవరూ అడగలేదు. మంచి ప్రసంగం, వృథా అయింది.

రెండు రోజులు మెషిన్ ముట్టొద్దన్నాడు మామ. ఆదివారం మగ్గానికి ప్లాస్టిక్ పట్ట కప్పి, ముగ్గుపిండి డబ్బాతో పైకొచ్చాడు.

"ఏమేం మార్చినావు?"

"అన్నీ మార్చాను మామా."

"అన్నీ మారిస్తే తప్పు యాడుండాదో ఎట్ల తెలుస్తాది?"

"ఏదో ఒకటి తప్పు కదా. అన్నీ మారిస్తే అదీ మారుతుంది."

ఆయన డబ్బా కింద పెట్టి నా వైపు తిరిగాడు. "బడిలో లెక్కలు చెప్పేది నువ్వేనా?"

మెషిన్ చుట్టూ, అడుగునా పొడిబట్టతో తుడిపించాడు. కింద ముగ్గుపిండి పలచగా చల్లాడు. "పడుగులో వేల పోగులుంటాయి. ఒకటి తెగిందని అన్నీ పట్టుకుని లాగితే చీర మిగల్దు. ఒకదాన్ని ముట్టు. చూడు. తర్వాతే ఇంకోటి." ముందు కుళాయి మాత్రం తిప్పించాడు. చూశాం. పిండి తెల్లగానే ఉంది. తర్వాత బటన్ నొక్కించాడు. కుళాయి నీళ్లు దారంలా సన్నగా దిగుతున్నాయి. పిండి తెల్లగానే ఉంది. నా కాళ్లు ఆగడం లేదు. ఫోన్ తీశాను, పెట్టాను, మళ్లీ తీశాను.

"కూచో అప్పా. మగ్గం లేకుండానే కాళ్లాడిస్తాండావు, ఏం నేస్తాండావు?"

అంతలో మెషిన్ నీళ్లు చాల్లేదని బీప్ కొట్టి ఆగిపోయింది. నేను చటుక్కున లేచి, అలవాటు ప్రకారం బకెట్ ఎత్తి పైనుంచి గుమ్మరించాను. కింద ముగ్గుపిండి నల్లబడింది.

మామ వంగి తడిసిన పిండిని వేలితో ముట్టి చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు: "ఇప్పుడేం చేసినావు?"

"నీళ్లు పోశాను. కుళాయి ఆలస్యం కదా. ఎప్పుడూ రెండు బకెట్లు పోస్తాను."

తొందరలో నేను పోసే నీళ్లలో కొంత తొట్టి అంచు దాటి, మెషిన్ డొక్కలోంచి నేరుగా నేలకు దిగుతోంది. అది బండల సందుల్లో నిలిచి మరుసటి రోజు వరకూ కింద చుక్కలవుతోంది. పైపులు రెండూ నిర్దోషులు, కొత్తవీ పాతవీ కూడా.

"మెషిన్ కారలేదప్పా," అన్నాడు మామ లేచి పంచె దులుపుకుంటూ. "నువ్వు కారినావు."

చీర వేళకే పూర్తయింది. షావుకారు వచ్చి తీసుకుపోయాడు. నేనూ తర్వాత అనంతపురం వచ్చేశాను.

నిరుడు మామ పోయాడని తెలిసి వెళ్లాను. అత్త కాఫీ ఇచ్చి, ఆ కథ తనే ఎత్తింది. "ఆ పొద్దు నా కొంగు పరిచేలోపలే రెండు చుక్కలు పడినాయి. నేసిన కాడ రంగు కమిలింది. పేక పోగులు ఒక్కొక్కటే తీసి, రెండు వేళ్ల మేర మళ్లీ నేసినాడు. నీకు చెప్పొద్దన్నాడు."

"ఎందుకత్తా?"

"చెప్తే ఆ పిల్లోడు ఇంకో పైపు కొంటాడన్నాడు."

నవ్వొచ్చింది. ఆ వెనకే నవ్వు కానిది ఇంకేదో వచ్చింది. అత్త చూసేలోపు గ్లాసు కడగాలని లేచాను. కడిగిన గ్లాసునే చాలాసేపు కడిగాను.

ఆ రెండు వేళ్ల నేత ఎవరి పెళ్లిలో మెరిసిందో నాకు తెలియదు. నా కుదురు పెద్దగా బాగుపడలేదు. కానీ పిల్లవాడు లెక్క తప్పితే మొత్తం కొట్టేసి మళ్లీ చెయ్యమనడం మానేశాను. ఒక్కో అడుగూ పక్కన కూర్చుని చూస్తాను, కాళ్లాడకుండా పట్టుకుని. తప్పు దొరికితే, వీలైనంత వరకూ వాడికి వినబడకుండా నిట్టూరుస్తాను.

ఇక మెషిన్ సంగతి. కుళాయి సన్నగా వస్తే నిండడానికి ముప్పావు గంట పడుతుంది. మధ్యలో బీప్ కొట్టి ఆగితే, బకెట్ జోలికి పోకుండా స్టార్ట్ బటన్ మళ్లీ నొక్కాలి.