పిట్టగోడ మీద బూట్లు

ఉద్యోగం వెతుక్కుంటూ బెంగళూరు వెళ్ళిన కొత్తలో, బళేపేటలో అద్దెగది చూడబోయాను. ఇంటావిడ గడప దగ్గరే ఆపింది.

"బూట్లిప్పి రా అప్పా."

నిన్నటి వానకు తడిసిన బూట్లు. అప్పటికే రెండిళ్ళవాళ్ళు ఆ కంపుకే ముఖం తిప్పుకుని, గది లేదన్నారు. భయపడుతూనే విప్పాను. ఆమె ముక్కు ఎగబీల్చింది. వంగి, నా బూట్లు చేత్తో తీసుకుంది. మా అమ్మ వయసు మనిషి. వద్దమ్మా అనేలోపే వాటిని పిట్టగోడ మీద ఎండకు పెట్టింది.

"మా ఇంటాయన డ్రైవరు, పొద్దంతా బూట్లలోనే. దినామూ నాకిదే పని. కొళాయి ఆడుండాది, కాళ్ళు కడుక్కోని గది చూసుకో" అంది.

ఆ గదిలో మూడేళ్ళున్నాను. మళ్ళీ ఆమె చెయ్యి పడకుండా, ఇంటికి రాగానే బూట్లు నేనే పిట్టగోడ ఎక్కించేవాణ్ణి.